సుందరవన ద్వీపాలలో మూడు రోజులు

మన హిజ్లీ పేరు చెప్పగానే ఎవరికైనా గుర్తుకు వచ్చేవి 1930 నాటి నిర్బంధ శిబిరం, 1931 సెప్టెంబరు 16న అక్కడ జరిగిన కాల్పులు, ఆ ఆవరణలోనే 1951లో నెలకొన్న ఐఐటి. అయితే ఇదే పేరు గల మరొక హిజ్లీ ఈ మేదినీపూర్ సీమలోనే, రసూల్‌పూర్ నది సాగరాన్ని చేరే చోట ఉన్నది. 1687లో జాబ్ చార్నాక్ తన కొద్దిపాటి సైన్యంతో అక్కడ నిలిచి మొగలు సేనలతో పోరాడినప్పుడు అది నాలుగు వైపులా నీరున్న దీవి. కాలక్రమాన ఒండ్రు మేటవేసి ఆ దీవి తీరంలో కలిసిపోయింది. ఈ ప్రాంతంలో నేలను ఇచ్చేదీ నీరే, తిరిగి తీసుకొనేదీ నీరే.

ఒకనాటి సాయంకాలం మా మిత్రబృందంలో ఈ ప్రస్తావన వచ్చింది. గంగాసాగర స్నానానికి వెళ్ళి వచ్చినవారు మాలో పలువురున్నారు గాని, ఆ సాగరద్వీపానికి తూర్పున వ్యాపించి ఉన్న సుందరవనాలను చూసినవారు ఒక్కరూ లేరు. భారతదేశపు సుందరవనాలలో 102 దీవులు ఉన్నాయనీ, వాటిలో 54 దీవులలో జనం నివసిస్తున్నారనీ, మిగిలిన 48 అడవికి చెందినవనీ చదివి ఉన్నాము. జనమున్న దీవులను చూడాలని పెద్దల కోరిక. పులిని చూడాలని పిల్లల కోరిక. నాలుగు కుటుంబాలవారము, మొత్తం పద్నాలుగు మందిమి, సంక్రాంతి మరునాడు ప్రయాణమయ్యాము.

ఖరగ్‌పూర్‌లో తెల్లవారుజాము లోకల్ ఎక్కి హౌరా చేరి, నగరం దాటి, సియాల్దాలో క్యానింగ్ లోకల్ అందుకున్నాము. ఈ మార్గానికి ఒక చరిత్ర ఉన్నది. మాత్లా నది ఒడ్డున కలకత్తాకు పోటీగా ఒక రేవును నిర్మించ సంకల్పించి, 1862–63 సంవత్సరాలలో అక్కడికి రైలు మార్గం వేశారు. తుపానులను అధ్యయనం చేసి, 1848లో ‘సైక్లోన్’ అనే మాటను సృష్టించిన హెన్రీ పిడింగ్టన్, ఆ చోట రేవు నిలువదని 1853లోనే హెచ్చరించాడు. ఆయన మాటను ఎవరూ లెక్కచేయలేదు. 1867లో వచ్చిన తుపానుకు రేవు దెబ్బతిన్నది. కొద్ది ఏళ్ళకే దానిని విడిచిపెట్టారు. రైలు మాత్రం నేటికీ దీవుల జనానికి ఆధారమై నడుస్తున్నది.

క్యానింగ్ నుండి రోడ్డు మీద గోద్‌ఖాలి చేరి లాంచీ ఎక్కాము. క్రింద పడకలు, పైన కూర్చునే చోటు, వెనుక వంటకు చిన్న గది. మూడు రోజులూ అదే మా ఇల్లు. సరంగు గారు యాభై దాటిన మనిషి. గడియారం కంటె నీటినే ఎక్కువగా చూస్తాడు. రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు; లాంచీ ఎప్పుడు కదలాలో, ఏ పాయలో ప్రవేశించాలో నిర్ణయించేది అవే. గోదావరి లాంచీలలో తిరిగిన మా బాబాయి గారు, “మన నది ఒకే వైపు పారుతుందిరా, ఇది రెండు వైపులా పారుతున్నది” అని ఆశ్చర్యపోయారు.

మొదట గోసాబాలో ఆగాము. స్కాట్లాండుకు చెందిన డేనియల్ హామిల్టన్ 1903లో ఇక్కడ సుమారు తొమ్మిది వేల ఎకరాలు ప్రభుత్వం నుండి తీసుకొని, వడ్డీ వ్యాపారుల బెడద లేని పల్లెలను నెలకొల్పాలని పూనుకొన్నాడు. సహకార సంఘాలు, బ్యాంకు, ధాన్యపు మర, పాఠశాలలు ఏర్పరచాడు. 1936లో ఈ సంస్థానపు వ్యవహారాల కోసం సొంత రూపాయి నోటును కూడ ముద్రించాడు. రవీంద్రనాథ్ ఠాగూరు 1932 డిసెంబరులో వచ్చి ఇక్కడ బస చేశారు. కొయ్యతో కట్టిన ఆ బంగళాలను చూసి, చీకటి పడేసరికి పాఖిరాలయ్ రేవు చేరాము. రేవు మెట్ల దగ్గర ఒక స్త్రీ తేనె సీసాలు అమ్ముతున్నది. మా వదిన గారు బేరమాడి, బాగా ధర తగ్గించి, రెండు సీసాలు తీసుకున్నారు.

రెండవనాడు సజ్నేఖాలిలో అనుమతి పత్రం పొంది, నియమం ప్రకారం మార్గదర్శిని వెంట తీసుకొని అడవిపాయలలో ప్రవేశించాము. 1973లో పులుల రక్షితప్రాంతమై, 1984లో జాతీయోద్యానంగా ప్రకటితమై, 1987లో ప్రపంచ వారసత్వ స్థానం పొందిన అడవి ఇది. ఆటు సమయంలో బురద బయటపడినప్పుడు మడచెట్ల ఊపిరివేళ్ళు మేకుల వలె నేలలోనుండి పైకి పొడుచుకొని ఉంటాయి. మొసలిని చూశాము, జింకలను చూశాము, సుధన్యఖాలి మంచె మీద గంటసేపు నిరీక్షించాము. పులి దర్శనమివ్వలేదు. పిల్లలు చిన్నబుచ్చుకున్నారు. మార్గదర్శి నవ్వి, “మీకు కనబడలేదు గాని, మీరు దానికి కనబడే ఉంటారు” అన్నాడు.

ఆ సాయంకాలం ఊరిలో ‘దుఖే యాత్ర’ అనే నాటకం చూశాము. ఈ దీవుల వనదేవత బొన్‌బీబీ. మక్కా నుండి వచ్చిన ఫకీరు కుమార్తెగా ఆమె అడవిలో జన్మించి, జింకల మధ్య పెరిగింది. పులి రూపంలో మనుషులను తినే దక్షిణరాయుని తల్లి నారాయణిని యుద్ధంలో ఓడించి, చివరకు ఆమెతో చెలిమి చేసి, అడవిని పంచుకున్నది. దుఖే ఒక పేద వితంతువు కొడుకు. తేనె కోసం ఏడు పడవలతో అడవికి వెళ్ళిన ధోనా అనే వర్తకుడు, దక్షిణరాయుడు చూపిన తేనెకూ మైనానికీ ఆశపడి ఆ బాలుని పులికి విడిచిపెట్టాడు. తల్లి నేర్పిన విధంగా దుఖే బొన్‌బీబీని పిలిచాడు. ఆమె వచ్చి రక్షించి, మొసలి వీపు మీద ఇంటికి పంపింది. ఈ కథను చెప్పే ‘జహురానామా’ బెంగాలీ పద్యగ్రంథమే అయినా, పుటలు అరబ్బీ గ్రంథాల వలె కుడి నుండి ఎడమకు తిరుగుతాయి. ఆమెను హిందువులూ కొలుస్తారు, ముస్లిములూ కొలుస్తారు.

ఒడిలో బాలుడు, పక్కన పులి ఉన్న ఆ మట్టి విగ్రహాన్ని చూసి, మాతో వచ్చిన మామ్మ గారు చేతులు జోడించారు. “ఈమె మన పొలిమేరమ్మే. మన పేటలో మాతపూజకు ఘటం ఎత్తుకున్నప్పుడు నేను మొక్కేది ఈ తల్లికే” అన్నారు. కథలో మమ్మల్ని ఆకట్టుకున్నది మాత్రం దేవత మహిమ కంటె ధోనా దురాశ. అడవిలోనికి ఉత్త చేతులతో, నిర్మలమైన మనస్సుతో వెళ్ళాలని, అవసరానికి మించి తీసుకోరాదని ఇక్కడివారి నియమం. తేనెపట్టును పూర్తిగా కోయరు, పిల్లపురుగులున్న భాగాన్ని విడిచిపెడతారు. భర్త అడవికి వెళ్ళిన ఇంట భార్య తలకు నూనె రాయదు, దువ్వుకోదు. అతడు తిరిగి వచ్చే వరకు వితంతువు వలె గడుపుతుంది.

మూడవనాటి ఉదయం కరకట్ట మీద నడిచాము. ఒక పక్క పోటెత్తిన నది, మరొక పక్క వరిచేలు. నదిలోని నీటిమట్టం చేల కంటె ఎత్తుగా ఉండడం చూసి నిర్ఘాంతపోయాము. కారణాన్ని మార్గదర్శి వివరించాడు. పోటు తెచ్చే ఒండ్రుతో దీవి క్రమంగా ఎత్తు పెరగవలసి ఉండగా, ఆ పని పూర్తికాకముందే అడవిని నరికి, గట్లు కట్టి, జనాన్ని నివసింపజేశారు. మన మేదినీపూర్ నుండి వచ్చినవారు, ఛోటానాగపూర్ నుండి అడవి నరకడానికి తీసుకురాబడిన ఆదివాసులు ఆ జనంలో ఉన్నారు. గట్టు కట్టిన తరువాత ఒండ్రు చేలలోనికి రాదు, నది అడుగుననే పేరుకొంటుంది. సుమారు 3,500 కిలోమీటర్ల గట్లు ఈ దీవులను కాపాడుతున్నాయి. 2009 మే 25న ‘ఐలా’ తుపాను ఆ గట్లను అనేకచోట్ల తెంపింది. ఉప్పునీరు నిలిచిన పొలాలు కొన్నేళ్ళు పంటకు పనికిరాలేదు. 2020 మే 20న ‘అంఫన్’ మళ్ళీ అదే చేసింది. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన సంగతి మామ్మ గారు పిల్లలకు చెబుతుంటే మార్గదర్శి కూడ నిలిచి విన్నాడు. గట్టు వెలుపలి బురదలో స్త్రీలు నాటిన మడమొక్కలను చూపి, “అలను ముందు ఆపేది ఇవి, తరువాత గట్టు” అన్నాడు.

రేవుకు తిరిగి వచ్చేటప్పుడు, మొదటినాడు తేనె అమ్మిన స్త్రీ గట్టు మీద ఎదురైనది. ఆమె భర్త అడవికి వెళ్ళి పులివాత పడ్డాడనీ, అనుమతి లేకుండ వెళ్ళినందున పరిహారం రాలేదనీ మార్గదర్శి ద్వారా తెలిసింది.

“మరి ఈ తేనె ఎవరు తెస్తున్నారమ్మా?” అని వదిన గారు బెంగాలీలో అడిగారు.

“నా పెద్దకొడుకు, దీదీ. మళ్ళీ చైత్రం చివర వెళ్తాడు.”

“వెళ్ళవద్దని చెప్పకపోయావా?”

“చెప్పాను. వద్దంటే కేరళకు కూలికి పోతానన్నాడు. అడవికి పోతే పది, పదిహేను రోజులకు వస్తాడు. కేరళకు పోతే ఏడాదికి గాని రాడు.”

వదిన గారు మరొక సీసా తీసుకొని, ఆమె చెప్పినంతా చెల్లించారు. మొదటినాడు తగ్గించిన సొమ్ము కూడ ఇవ్వబోగా ఆమె పుచ్చుకోలేదు. “ఆ బేరం ఆనాడే అయిపోయింది, దీదీ” అన్నది.

ఆ మాట క్యానింగ్ వరకు మా వెంట వచ్చింది. మనలో ఎవరి జీవనమైనా నెల మొదటి తేదీతో ముడిపడి ఉన్నది. ఈ దీవులలో గట్టుతో, పోటుతో, అడవి నుండి మనిషి తిరిగి రావడంతో ముడిపడి ఉన్నది. అయినా తీసుకోదగినదేదో, తీసుకోరానిదేదో వారికి స్పష్టంగా తెలుసు.

ఈ యాత్ర చేయదలచిన మన ఉద్యోగ సోదర సోదరీమణులకు రెండు మాటలు. నవంబరు నుండి ఫిబ్రవరి వరకు అనుకూలమైన కాలం. గుర్తింపు పత్రాలు, త్రాగునీరు వెంట ఉంచుకోండి. ఖాళీ సీసాలను, సంచులను నీటిలో వేయక తిరిగి తెచ్చుకోండి. పులి కోసం వెళ్ళినా, ఒక పూట కరకట్ట మీద నడవండి. ఊరివారితో మాట్లాడండి. తేనె కొంటే బేరమాడకండి.