బండి నడిపేదెవరు?

బడి పిల్లలు చిన్న రోబోను తయారుచేయడం ఇప్పుడు వింత కాదు. నీతి ఆయోగ్ 2016లో ప్రారంభించిన అటల్ టింకరింగ్ ల్యాబ్‌ల పథకంలో ఒక్కో పాఠశాలకు రూ. 20 లక్షల దాకా గ్రాంటు కేటాయించారు. ల్యాబ్‌లు 10,000కు చేరాయి. ఐదేళ్లలో ప్రభుత్వ పాఠశాలల్లో మరో 50,000 నెలకొల్పుతామని 2025 బడ్జెట్ ప్రకటించింది. మరి అక్కడ పిల్లలు నేర్చేదేమిటి?

పసుపు రంగు ప్లాస్టిక్ గేర్ మోటార్లు రెండు, ఒక కంట్రోలర్ బోర్డు, మధ్యలో రెడీమేడ్ ఎల్298 డ్రైవర్ మాడ్యూల్. తీగలు గుచ్చితే బండి కదులుతుంది. ఎందుకు కదిలిందన్న ప్రశ్న మాత్రం మాడ్యూల్ లోపలే ఉండిపోతుంది.

ఆర్డుయినో ఊనో పిన్ నుంచి తీసుకోదగ్గ కరెంటు 20 మిల్లీఆంపియర్లు. బరువు లాగే చిన్న మోటారు 300 అడగవచ్చు. చిన్న కరెంటుతో పెద్ద కరెంటును తెరిచి మూసే తూము ట్రాన్సిస్టర్. బీసీ337 వంటిది కరెంటును వంద రెట్లు పెంచుతుందని పుస్తకాల్లో ఉంటుంది. దాన్ని నమ్మితే దెబ్బతింటారు. స్విచ్‌గా వాడేటప్పుడు 20 రెట్లే లెక్కలోకి తీసుకోవాలి. 300ను 20తో భాగిస్తే 15 మిల్లీఆంపియర్లు. పిన్ ఇచ్చే 5 వోల్టుల్లో 0.7 బేస్ దగ్గర పోతుంది. మిగిలిన 4.3 వోల్టులను ఆ 15తో భాగిస్తే దాదాపు 287 ఓంలు. బజారులో దొరికేది 270. అంతా భాగహారమే.

ముందుకీ వెనక్కీ నడవాలంటే నాలుగు ట్రాన్సిస్టర్ల హెచ్-బ్రిడ్జి కావాలి. ఒక్కోదానికీ ఒక డయోడ్ తప్పనిసరి. మోటారు ఆగినప్పుడు ఎదురుతన్నే వోల్టేజీకి దారి అదే. అసలు మెలిక మరోచోట ఉంది. నాలుగు పెన్సిల్ సెల్స్ కలిస్తే 6 వోల్టులు. పై వరస పీఎన్‌పీ ట్రాన్సిస్టర్ ఆగాలంటే దాని బేస్ కూడా 6 దగ్గరే ఉండాలి. పిన్ 5 దాటదు. మిగిలిన ఒక వోల్టు తేడా చాలు, ఆపమన్నా అది ఆగదు. అప్పుడే దాని కింది ట్రాన్సిస్టర్ కూడా తెరుచుకుందా, కరెంటు మోటారు ముఖం చూడకుండా బ్యాటరీ ఈ కొస నుంచి ఆ కొసకు దూకుతుంది. పొగే. అందుకే ఆ బేస్‌ను రెసిస్టర్‌తో 6 వోల్టులకు కట్టి, కిందికి లాగే పనిని మరో రెసిస్టర్ ద్వారా చిన్న ఎన్‌పీఎన్‌కు అప్పగించాలి.

రేపే పోటీ ఉంటే మాడ్యూలే దిక్కు. అయితే అదీ ఉచితంగా పనిచేయదు. ఒక ఆంపియర్ దగ్గర ఎల్298 సుమారు 2 వోల్టులు తానే తినేస్తుంది. 6 వోల్టుల బ్యాటరీ పెట్టినా మోటారుకు దక్కేది నాలుగే, మిగతాది వేడి. బండి నీరసంగా ఎందుకు నడుస్తోందో బ్రిడ్జి కట్టిన పిల్లకు ఇట్టే అర్థమవుతుంది.

ఢిల్లీ లజపత్‌రాయ్ మార్కెట్‌లోనైనా, చెన్నై రిచీ స్ట్రీట్‌లోనైనా, హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలోనైనా ఈ ట్రాన్సిస్టర్లు కొద్ది రూపాయలకే దొరుకుతాయి. రెండు మూడు కాలినా గ్రాంటుకొచ్చే నష్టమేమీ లేదు.