పాత వంతెన మీద పది నిమిషాలు

హైదరాబాదు వెళ్లినప్పుడు చార్మినారు కంటె ముందు పురానాపూల్ చూస్తానంటే మా బంధువులు నవ్వారు. "అక్కడేముందండీ? కూరగాయలు!" అన్నారు. ఆ మాటా నిజమే. వంతెన మీద టమాటాలు, ఆకుకూరలు, బేరాలు. అయినా వయసు లెక్కన మొదట పలకరించవలసింది దాన్నే. చార్మినారు 1591 నాటిది. ఈ వంతెనను ఇబ్రహీం కుతుబ్‌షా 1578లోనే కట్టించాడు. అంటే హైదరాబాదు నగరం కంటె వంతెనే పెద్దది!

రాకుమారుడు భాగమతి కోసం వరదలో గుర్రం దూకించాడని, అందుకే తండ్రి వంతెన వేయించాడని కథ చెబుతారు. వంతెన పూర్తయ్యేనాటికి ఆ రాకుమారుడికి పదమూడేళ్లు. కథను కథగానే విందాం.

పొడవు సుమారు 600 అడుగులు. కింద 20కి పైగా కమానులు. కమానులో రాళ్లు ఒకదాన్నొకటి నొక్కుకుంటూ బరువును పక్క స్తంభాలకు దింపుతాయి. బరువు పడ్డకొద్దీ ఇంకా బిగుస్తాయి. రోములో క్రీ.పూ. 62లో కట్టిన ఫాబ్రిచియో వంతెన మీద జనం నేటికీ నడుస్తున్నారంటే ఈ కిటుకు వల్లనే. దాని నడిమి స్తంభంలో వరదనీళ్లు పోవడానికి కిటికీలాంటి తూము కూడా వదిలారు.

ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే మన వంతెనను పారిసులోని పోన్ నెఫ్‌తో పోల్చాడు. చిత్రమేమంటే, దానికి శంకుస్థాపన జరిగిందీ 1578లోనే. ఆ పేరుకు అర్థం "కొత్త వంతెన". వాళ్లది నేటికీ కొత్తది, మనది పాతది!

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకుంది. తరువాత కట్టిన వంతెనలు కొట్టుకుపోయాయి. ఇదీ దెబ్బ తిన్నది, కాని నిలిచింది. మరమ్మతు చేస్తే మళ్లీ జనాన్ని మోసింది.

ఇదంతా మా చిత్తూరు సీమవాళ్లు వినవలసిన సంగతి. మా నీవాలోనూ, స్వర్ణముఖిలోనూ ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే. ఆ ఇసుక చూసి నదికి మనిషి లోకువ కడతాడు. 2021 నవంబరులో స్వర్ణముఖి పొంగినప్పుడు తిరుపతి చుట్టుపక్కల రోడ్లు, వంతెనలు ఏమయ్యాయో చూశాం. వంతెన వేసేవారైనా, ఏటి పక్కన చవగ్గా వస్తోందని ఇంటిస్థలం కొనేవారైనా, నీళ్లు ఎన్ని రోజులుంటాయని అడిగి లాభం లేదు. వచ్చిన రోజున ఎంత వస్తాయో అడగాలి. ఇబ్రహీం కుతుబ్‌షా మేస్త్రీలు ఆ ప్రశ్న అడిగే రాయి పేర్చి ఉంటారు.