దేవుడికి చెప్పావు సరే, మా డబ్బులేవి?

మాది క్రోసూరు, సత్తెనపల్లి దగ్గర. 2022 దాకా గుంటూరు జిల్లా, ఇప్పుడు పల్నాడు జిల్లా. పత్తి, మిరప పండే ఊరు. నా చిన్నప్పుడు మా గుళ్ళో (చర్చిని మా వాళ్ళు గుడి అనే అంటారు లెండి) ఉజ్జీవ కూటాలు జరుగుతున్నాయి. ఓ రాత్రి సాక్ష్యాలు చెప్పే టైములో ఒకాయన లేచాడు. మిరపకోతలకి కూలీల్ని తీసుకెళ్ళే మేస్త్రి. రైతు ఇచ్చిన డబ్బులో మనిషికి ఇంత అని వెనకేసుకున్నాననీ, దేవుడు క్షమించాడనీ, ఇక తాను కొత్త మనిషిననీ ఏడుస్తూ చెప్పాడు. అందరూ "స్తోత్రం" అన్నారు. అప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి ఓ ముసలామె లేచి, "దేవుడికి చెప్పావు సరే అబ్బాయ్, మా డబ్బులేవి?" అంది.

పిల్లలందరం పడీపడీ నవ్వాం. అయ్యగారు గబగబా ప్రార్థన ఎత్తుకున్నారు. ఆమె ప్రశ్నకి మాత్రం ఆ రాత్రి ఎవరూ జవాబు చెప్పలేదు.

ఇరవై ఏళ్ళ తర్వాత ఆ ప్రశ్న నా మెడకే చుట్టుకుంది. హైదరాబాదులో ఓ ప్రాజెక్టు, శుక్రవారం రాత్రి రిలీజు. నా లాగిన్ పనిచెయ్యకపోతే, కాంట్రాక్టు మీదున్న ఓ కుర్రాడి లాగిన్ అడిగి తీసుకుని ప్రొడక్షన్ డేటాబేసులో స్క్రిప్టు నడిపాను. వేర్ కండిషన్ తప్పు రాశాను. ఎన్ని రికార్డులు పోయాయో మన ఫీల్డు వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. సోమవారం మీటింగులో లాగ్ చూసి అతని పేరు చదివారు. అతను నా వైపు చూశాడు. నేను ల్యాప్‌టాప్ వైపు చూశాను. పాస్‌వర్డ్ ఇచ్చినందుకు తననీ తప్పుపడతారని భయపడ్డాడేమో, అతనూ నోరు విప్పలేదు. నెల తిరక్కుండానే అతని కాంట్రాక్టు అయిపోయింది. పొడిగించలేదు. నాకు ఆ ఏడాది మంచి రేటింగే వచ్చింది.

ఆ తర్వాత ప్రతి ఆదివారం గుడికి వెళ్ళాను. మాది లూథరన్ సంఘం. ఆరాధన మొదట్లోనే అందరం కలిసి పాపాలు ఒప్పుకుంటాం, అయ్యగారు క్షమాపణ ప్రకటిస్తారు. ఆ రెండు నిమిషాల్లో నిజంగానే మనసు తేలికపడేది. సోమవారం ఆఫీసులో అతని ఖాళీ సీటు చూడగానే మళ్ళీ మొదటికొచ్చేది. ఇలా ఏడాదిన్నర. లోపం దేవుడి క్షమాపణలో లేదు. నేను ఒప్పుకోలుని చాటుగా వాడుకుంటున్నాను, అంతే. అందరితో కలిసి "మేము పాపులం" అనెయ్యడం తేలిక. అందులో "నేను, ఫలానా రోజు, ఫలానా మనిషికి" అన్నది ఉండదుగా!

లూథర్‌కి ఈ కిటుకు బాగా తెలుసు. ఆయన 1529లో రాసిన చిన్న ప్రశ్నోత్తరికి తర్వాత ఒప్పుకోలు మీద ఓ భాగం చేర్చారు. ఏ పాపాలు ఒప్పుకోవాలి అంటే, నీ స్థితి చూసుకో అంటాడు. నువ్వు తండ్రివా, కొడుకువా, యజమానివా, పనివాడివా? పనిలో నమ్మకంగా ఉన్నావా? ఎవరికైనా నష్టం చేశావా? చూశారా, వెతకమన్నది ఇంట్లోనూ పనిలోనూ! హయ్యర్ దొరగారు 1842లో గుంటూరు వచ్చి, తర్వాత గురజాల దాకా వెళ్ళి పల్నాట్లో మొదలుపెట్టిన సంఘం మాది. 1927లో ఆంధ్ర సువార్త లూథరన్ సంఘమైంది. ఇంత చరిత్ర ఉండి, ఆ ప్రశ్నోత్తరిని చిన్నప్పుడు అప్పజెప్పడానికే పరిమితం చేశాం.

ఇంకోటి కూడా ఉంది. పౌరుషానికి పేరుపడ్డ నేల మాది. దేవుడి ముందు మోకాళ్ళ మీద గంటసేపు ఉంటాం. సాటి మనిషి ముందు, అందులోనూ మనకన్నా చిన్నవాడి ముందు, తల వంచమంటే ప్రాణం పోతుంది.

ఇక్కడ నాలాంటి లూథరన్లు ఒకటి అడుగుతారు. క్షమాపణ ఉచితం కదా, కృప కదా? డబ్బు కట్టి పాపానికి శిక్ష తగ్గించుకునే పత్రాల మీదే కదా 1517లో లూథర్ తిరగబడింది? మళ్ళీ ఈ తిరిగివ్వడాలు, దిద్దుకోవడాలు ఏంటి, అని. నేనూ నాకు నేను ఇదే చెప్పుకున్నాను. కానీ ఆ 95 వాదాల్లో మొట్టమొదటిదే, క్రైస్తవుడి బతుకంతా పశ్చాత్తాపమే కావాలంటుంది. కూటాల్లో ఒక్క రాత్రి ఏడుపుతో అయిపోయేది కాదన్నమాట.

జక్కయ్య కథ చూడండి. క్రైస్తవులు కాని మిత్రుల కోసం చెబుతున్నాను, ఆయన పన్నులు వసూలు చేసి జనాన్ని పీడించినవాడు. యేసు ముందు అతని ఇంటికి వస్తానన్నాడు. ఆ తర్వాతే జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు ఇస్తానన్నాడు. ఈ వరస ముఖ్యం. తిరిగివ్వడం క్షమాపణకి కట్టిన ధర కాదు. క్షమాపణ నిజంగా లోపలికి దిగితే చెయ్యి దానంతటదే జేబులోకి పోతుంది. పోవట్లేదంటే దిగలేదేమో అని అనుమానించాలి.

అయితే తీర్చలేని బాకీలుంటాయి. దావీదు ఊరియాని చంపించాడు. చచ్చిపోయినవాడికి ఏం తిరిగిస్తాడు? అలాంటప్పుడు దేవుడి ముందు విరిగిన మనసు తప్ప ఇంకేం మిగలదు. 51వ కీర్తన అలాంటివాళ్ళ కోసం. నా బాకీదారు మాత్రం బతికే ఉన్నాడు, నా ఫోన్లో నంబరు కూడా ఉంది. నేను దావీదు ప్రార్థనని అరువు తెచ్చుకోవడం మోసం.

చివరికి మొన్న శుభ శుక్రవారానికి ఊరెళ్ళినప్పుడు, గుళ్ళో ఆ ముసలామె కూర్చునే చోటు చూశాక, బయటికొచ్చి ఫోన్ చేశాను. అంతా చెప్పాను. అవతల చాలాసేపు మాట లేదు. తర్వాత, "అప్పుడు చెప్పుంటే బాగుండేది అన్నా. ఎనిమిది నెలలు ఖాళీగా ఉన్నాను" అన్నాడు. అంతే. క్షమించానని అనలేదు. అనమని నేనూ అడగలేదు. అది అడిగి లాక్కునేది కాదు.

సోమవారం అప్పటి మేనేజరుకి జరిగింది జరిగినట్టు మెయిల్ రాసి, అతన్నీ కాపీలో పెట్టాను. దానివల్ల నాకేం జరుగుతుందో జరగనీ. ఆ ఎనిమిది నెలలు నేను తిరిగివ్వలేను. ఏ పనికైనా నా పేరు రెఫరెన్సుగా వాడుకోమన్నాను, చూస్తానన్నాడు.

బరువు పూర్తిగా దిగిందని చెప్పను. కానీ పోయిన ఆదివారం ఒప్పుకోలు చదువుతున్నప్పుడు, "మేము" అన్నచోట నాలో నేను "నేను" అని చదువుకున్నాను, అతని పేరుతో సహా. నాకు తెలిసి కొత్త బతుకు అక్కడే మొదలవుతుంది. మీకూ ఒక సోమవారం మీటింగు ఉండే ఉంటుంది. నంబరు ఇంకా పనిచేస్తుంటే, ప్రార్థన అయ్యాక ఫోన్ చెయ్యండి.