పరదేశమున కడపటి దినము

తెలుగువాడు ప్రయాణమునకు బయలుదేరునపుడు దినము చూచుకొనును. వారశూల, వర్జ్యము, రాహుకాలము పంచాంగమున వెదకును. ఎదురు వచ్చునదేమో కనిపెట్టి మరి గడప దాటును. కాని వెళ్ళిన దేశమునుండి మరలి వచ్చుటకు ముందు మిగిలిన ఒక్క దినమును ఎట్లు గడపవలెనో ఏ పంచాంగమును చెప్పదు. ఆ దినము సాధారణముగా అంగళ్ళ పాలగును. అంతవరకు చూడక మిగిలిన కట్టడము నొకదానిని పరుగున చూచి, బంధువుల కోరికల జాబితా చేతబట్టి దుకాణములు తిరిగి, రాత్రి పెట్టెలను తూకపు యంత్రముపై ఎక్కించి దించి, తెల్లవారి విమానాశ్రయము చేరుటతో యాత్ర ముగియును.

ఇది సరియైన ముగింపు కాదు. పరదేశమున కడపటి దినము ఆ దేశమందలి మిత్రులది. వారి యింట కూర్చుండుటకు, వారిని పిలిచి భోజనము పెట్టుటకు, వారివలన పొందిన మేలును నోరార చెప్పుటకు ఆ దినమును విడిచిపెట్టవలెను. అంతేకాదు, ఆనాడు కలిసికొనదగిన మనిషి ఆ దేశమున ఒక్కరును లేరన్నచో, ఆ యాత్ర ఎన్ని మైళ్ళు సాగినను సగమే జరిగినదని యెంచవలెను. విద్యార్థి సంవత్సరమంతయు చదివినదేమో పరీక్షనాడు తేలినట్లు, యాత్రికుడు ఆ దేశమున సంపాదించినదేమో కడపటి దినమున తేలును.

ఈ విషయము సూళ్లూరుపేటవంటి పట్టణమున ప్రత్యేకముగా ఆలోచింపదగినది. కాళంగి నది ఒడ్డున, చెన్నపట్టణమునుండి కలకత్తాకు పోవు రైలు మార్గముపై ఉన్న ఈ పట్టణము చిరకాలము నెల్లూరు జిల్లాలో ఉండి 2022లో తిరుపతి జిల్లాలో చేరినది. ఊరు పెద్దది కాదు. కాని 1971 అక్టోబరు 9న శ్రీహరికోటనుండి మొదటి రోహిణి రాకెట్టు ఎగిరిన నాటినుండి ఇది దేశదేశముల వారు దిగు రేవైనది. 1999 మే 26న ఇక్కడినుండి వెళ్ళిన రాకెట్టు భారత ఉపగ్రహముతోపాటు కొరియా, జర్మనీ దేశముల చిన్న ఉపగ్రహములను మోసికొని పోయినది. 2001లో బెల్జియమున తయారైన ప్రోబా, 2007లో ఇటలీవారి ఎజైల్, 2025 జూలై 30న భారత, అమెరికా దేశములు కలిసి నిర్మించిన నైసార్ ఇక్కడినుండియే కక్ష్య చేరినవి. ఉపగ్రహమును పెట్టెలో పెట్టి పంపి ఊరకుండుటకు వీలు లేదు. దానిని పరీక్షించుటకు, రాకెట్టున అమర్చునపుడు దగ్గర నిలుచుటకు దాని నిర్మాతలు వెంట రావలెను. వారికి ఈ నేల పరదేశము. వారికిని ఒక కడపటి దినము ఉండును. మరియొక వైపు ఈ ప్రాంతపు బిడ్డలు చదువులకు, ఉద్యోగములకు సముద్రములు దాటుచున్నారు. కనుక ఇక్కడి ఉపాధ్యాయునికి ఈ ప్రశ్న రెండు విధములుగా ఎదురగును: వెళ్ళు శిష్యునికి ఏమి చెప్పవలెను? వచ్చిన అతిథికి ఏమి చేయవలెను?

వెళ్ళువారికి ఆదర్శముగా చూపుటకు ఒక ప్రసిద్ధమైన కడపటి విందు కలదు. 1888లో న్యాయశాస్త్రము చదువుటకు లండను వెళ్ళిన గాంధీ అక్కడ మొదట ఆకలికి మాడినాడు. మాంసము ముట్టనని తల్లికిచ్చిన మాట కలదు. చప్పిడి కూరలు నోటికి పోవు. వెదకి వెదకి ఒక శాకాహార భోజనశాలను కనుగొనిన పిమ్మటనే అతని కడుపు నిండినది. ఆ భోజనశాలలవలననే శాకాహార సంఘమువారు అతనికి పరిచయమైరి. సంఘపు కార్యవర్గమున అతనికి చోటిచ్చిరి. 1891 జూన్ 10న అతడు బారిస్టరు పట్టమందెను. జూన్ 12న ఓడ యెక్కెను. ఆ ప్రయాణమునకు ముందు అతడు చేసిన పని యేమి? తన శాకాహార మిత్రులను హోబర్న్ భోజనశాలకు పిలిచి విందు చేసెను. అది మాంసాహారము వడ్డించు చోటు. అయినను యజమానితో ముందుగా మాట్లాడి, ఆనాటి విందు పూర్తిగా శాకాహారమే యగునట్లు ఏర్పాటు గావించెను.

ఆ విందులో గాంధీ హాస్యముగా ఒక ఉపన్యాసము చేయదలచి, అడిసన్ అను ఆంగ్ల రచయిత పార్లమెంటు సభలో మాట పెగలక తబ్బిబ్బైన కథతో ప్రారంభింపవలెనని సిద్ధము చేసికొనెను. తీరా లేచి నిలువగనే కథ మరచిపోయెను. పిలువగనే వచ్చినందులకు కృతజ్ఞతలు తెలిపి కూర్చుండెను. ఈ సంగతిని తానే ఆత్మకథలో వ్రాసికొనెను. కథలు చెప్పువారు దీనిని గాంధీ పిరికితనమునకు ఉదాహరణగా చెప్పుదురు. కాని ఆ విందున లోపించినది ఉపన్యాసమే కాని మర్యాద కాదు. మూడేండ్లు అతిథిగా ఉన్నవాడు ఆనాడు గృహస్థుడైనాడు. తనకు అన్నము దొరకు దారి చూపినవారికి తాను అన్నము పెట్టినాడు. ఆ ఒక్క మాట చాలినది. పరభాష సరిగా రాదని మిత్రులయింటికి పోవుటకు వెనుదీయు విద్యార్థులకు ఇంతకు మించిన ధైర్యవచనము అక్కరలేదు.

అతిథి ఇచ్చి పోవలసినది భోజనమే కానక్కరలేదు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరు అప్పటి చిత్తూరు జిల్లాలోని మదనపల్లె కళాశాలకు వచ్చి కొన్నాళ్ళుండెను. అక్కడ ఆతిథ్యమిచ్చిన జేమ్స్ కజిన్స్, ఆయన భార్య మార్గరెట్ ఐరిష్ దేశీయులు, అతిథి వంగదేశీయుడు, చుట్టునున్న విద్యార్థులు దాక్షిణాత్యులు. కవి జనగణమన గీతమును పాడి వినిపించెను. మార్గరెట్ కజిన్స్ దానికి స్వరలిపి కూర్చెను. ఫిబ్రవరి 28న కవి దానిని స్వయముగా ఆంగ్లమున అనువదించి యిచ్చెను. కొనిన వస్తువు ఒక్కటియు లేదు. తన భాష తెలియని మిత్రులకు తన పాటను అర్థమగునట్లు చేసి యిచ్చుటయే ఆ కానుక. అది జరిగి నూరేండ్లు దాటినను మదనపల్లె దానిని మరువలేదు.

కడపటి దినమునకు ఇతర దినములకు లేని ఒక గుణము కలదు. మొదటి దినములలో యాత్రికుడు దారి అడుగును, ధర అడుగును, సాయమడుగును. నడిమి దినములలో చూడవలసిన వింతలు అతనిని తరుముచుండును. కడపటి దినమున అడుగవలసినదేదియు మిగులదు. అప్పుడు కలిసికొనుట కేవలము మనిషికొరకే. అందుచేతనే ఆనాటి మాటలకు విలువ హెచ్చు. కాళిదాసు శాకుంతలము నాలుగవ అంకమున శకుంతలను సాగనంప వచ్చినవారు కొలను గట్టుకడ నిలుతురు. ఇష్టజనమును నీటి ఒడ్డువరకే అనుసరింపవలెనను ఆచారమును శిష్యుడు కణ్వునకు గుర్తుచేయును. తండ్రి చెప్పదలచినదంతయు ఆ గట్టుననే చెప్పును. ఆశ్రమమున ఇన్నేండ్లు గడచినను ఆ మాటలకు తగిన సమయము ఆ ఒడ్డునగాని రాలేదు.

ఇట్టి ఆచారములు ఇతర జాతులకును కలవు. రష్యావారు ప్రయాణమునకు ముందు వెళ్ళువారును ఉండువారును కలిసి క్షణకాలము మౌనముగా కూర్చుందురు. భారతదేశపు మొదటి ఉపగ్రహమగు ఆర్యభట్ట 1975 ఏప్రిల్ 19న ఆ దేశపు నేలనుండియే ఎగిరినది; దాని సంకేతములను అందుకొనిన కేంద్రములలో శ్రీహరికోట ఒకటి. అంత దగ్గరి స్నేహమున్న దేశపు యంత్రములను గూర్చి ఇక్కడి పిల్లలకు ఎంతో తెలియును. వారు గడపకడ ఎట్లు కూర్చుందురో తెలియదు. అట్టి సంగతి పుస్తకములకంటె వీడ్కోలు నాడు ఆ యింట ఉన్నవారికే బాగుగా తెలియును.

దీనికి కొన్ని ఆక్షేపణలు రాగలవు. గల్ఫు దేశములలో రెండేసి యేండ్లు చెమటోడ్చి వచ్చు కూలివానికి కడపటి దినము అంగడికే చాలదు; అతని పెట్టెకొరకు ఇల్లంతయు కనిపెట్టుకొని యుండును. ఇది నిజము. ఆ పెట్టెను పరిహసించుట తగదు; దానిలోని ప్రతి వస్తువునకు ఒక పేరు కలదు, ఆ పేరుగల బిడ్డ కలదు. కాని ఆ రెండేండ్లు అతనితో ఒకే గదిలో పడుకొని, జ్వరము వచ్చిననాడు గంజి కాచి పోసిన పరదేశపు తోడివాడును ఒకడుండును. పెట్టెను వారము ముందుగా సర్దుకొనినచో ఆ తోడివానికి ఒక పూట మిగులును.

ఎనిమిది దినములలో అయిదు దేశములు చూచి వచ్చువారికి మిత్రులెక్కడివారని మరియొక ఆక్షేపణ. దీనికి సమాధానము, అట్టి యాత్రలో దేశములను తగ్గించి దినములను పెంచవలెననుటయే. అది కుదరనిచో, వారమంతయు బండి నడిపినవాడు, ప్రతి ఉదయము పాలు కాచి యిచ్చిన వృద్ధురాలు మిత్రులు కాకపోయిరా? వారి పేరు తెలిసికొని, చేయి జోడించి సెలవడుగుటకు పావుగంట చాలును.

అన్నిటికంటె విచారింపదగినది బిడ్డలను చూచుటకు అమెరికా వెళ్ళు తలిదండ్రుల సంగతి. వారు నాలుగైదు నెలలు అక్కడ ఉందురు. తెలుగువారి యిండ్లకు పోదురు, గుడికి పోదురు, జలపాతమును చూతురు. ప్రతి సాయంకాలము నడకలో ఎదురై చేయి ఊపిన పొరుగింటి ముసలమ్మ పేరు మాత్రము తెలియకయే తిరిగివత్తురు. ఊరికి వచ్చి అమెరికావారు ఎవరితోను కలియరని చెప్పుదురు. ఆ ముసలమ్మయు తన వారితో తెలుగువారు కలియరని చెప్పుచుండవచ్చును. ఇరువురి మాటయు ఒక్క కప్పు కాఫీతో అబద్ధమయ్యెడిది.

ఇక్కడనే ఈ విషయమున అసలు నష్టమున్నది. మిత్రుడు లేక తిరిగి వచ్చిన యాత్రికుడు ఆ దేశమును గూర్చి రోడ్లు, ధరలు, శుభ్రత చెప్పును. మనుష్యులను గూర్చి చెప్పవలసి వచ్చినపుడు వదంతులు చెప్పును. మిత్రుడున్నవాడు అట్లు చెప్పలేడు. ఒక జాతినంతటిని ఒక్క మాటతో తీసివేయునపుడు ఆ జాతికి చెందిన ఒక ముఖము అతనికి అడ్డు వచ్చును. దేశముల మధ్య ద్వేషము రేగిన కాలమున ఈ అడ్డు చిన్నది కాదు. పాఠశాలలో భూగోళము చెప్పు ఉపాధ్యాయుడు ఇవ్వలేని జ్ఞానము ఇది.

ఇక వచ్చినవారి మాట. సూళ్లూరుపేటకు అతిథి మర్యాద కొత్తగా నేర్పవలసిన పని లేదు. ఊరి దేవత చెంగాళమ్మ ఆలయమునకు రాత్రియైనను తలుపులు మూయు ఆచారము లేదు. చలికాలమున పులికాటు సరస్సునకు రాజహంసలు, నేలపట్టు చెరువునకు గూడబాతులు వచ్చినపుడు పక్షుల పండుగ చేయు ప్రాంతమిది. రెక్కలతో వచ్చినవారికి పండుగ చేయు ఊరు విమానమున వచ్చినవారికి ఒక పూట విస్తరి వేయలేకపోదు. రాకెట్టు కేంద్రమునకు కట్టుబాట్లుండును, అవి ఉండవలసినవే. కాని పులికాటు నీటిని చీల్చుకొని వచ్చు ఆ రోడ్డు దాటి పేటలో అడుగుపెట్టిన అతిథిని పిలుచుటకు కట్టుబాటులేవి? ఉపగ్రహము కక్ష్య చేరిన మరునాడు, పెట్టె సర్దుకొను ముందు, అతడు ఒక గంట పాఠశాలలో కూర్చుండి పిల్లల ప్రశ్నలకు బదులు చెప్పినచో, అతనికి ఈ దేశము ప్రయోగవేదిక మాత్రముగా మిగులదు. ఆ పిల్లలకు అతని దేశము పటముపై రంగుగా మిగులదు.

విద్యార్థులకు చెప్పవలసినది స్వల్పము. పరదేశము వెళ్ళినపుడు కొనుగోలును ముందే ముగించి కడపటి దినమును ఖాళీగా ఉంచుకొనవలెను. మేలు చేసినవారి పేర్లను విలాసములను వ్రాసికొనవలెను. చేతనైనచో వారికి వండి పెట్టవలెను. కానిచో వారు పెట్టినది తినవలెను. ఇల్లు చేరిన వారములోగా ఒక లేఖ వ్రాయవలెను. ఈ లేఖ విషయమున ఆలస్యము చేసినవారు సామాన్యముగా ఎన్నడును వ్రాయరు.

తెలుగున సెలవు తీసికొనువాడు “పోవుచున్నాను” అనడు, “వెళ్ళివత్తును” అనును. సాగనంపువారు “పోయిరండు” అందురు. మరల రాని ఊరిలోను, మరల చూడని మనిషితోను ఈ మాటయే అనవలసి యుండును. దానిని ఎవరితో అనవలెనో ముందే సంపాదించుకొనిన వానికి కడపటి దినము ఏమి చేయవలెనను సందేహము రాదు.