కాలు క్లచ్చుమీద, ఖర్చు రైతుమీద

పదునన నెట్టిదో నందవరము రైతులకు చెప్పవలసిన పనిలేదు. నల్లరేగడి తడిసి, పైపొర ఆరి, గొఱ్ఱు సాగుటకు అనువుగా నుండు దినములు కొన్నియే. గత ఖరీఫులో అట్టి దినములయందే మన సభ్యులలో నొకరి ట్రాక్టరు చేని గట్టున నిలిచిపోయెను. క్లచ్చుప్లేటు అరిగిపోయినది. ఎమ్మిగనూరునుండి మేస్త్రీ వచ్చి, ఇంజనును గేరుపెట్టెనుండి విడదీసి, క్రొత్తప్లేటు వేయుసరికి నాలుగు దినములు గడచెను. పదును పోయెను.

ఆయన బండి చేసినవారిని తిట్టుచుండగా నేను కాలిమెట్లను చూచితిని. బ్రేకుమెట్టు రబ్బరుమీద గీతలు క్రొత్తవివలె నున్నవి. క్లచ్చుమెట్టు రబ్బరు మాత్రము అరిగి అద్దమువలె మెరయుచున్నది. డ్రైవరు కాలు ఉదయమునుండి సాయంకాలమువరకు దానిమీదనే యుండెనని వేరుగ అడుగ నక్కఱలేదు.

క్లచ్చునకు రెండే స్థితులు తగును: పూర్తిగా నొక్కుట, పూర్తిగా విడచుట. కాలి బరువు కొంచెము పడినను లోపలి బేరింగు ఊరక తిరుగుచు అరుగును. ప్లేటు గట్టిగా పట్టక జారి, వేడెక్కి, పైపూత మాడిపోవును. చాలు మలుపుకాడ గేరు తగ్గింపక సగము క్లచ్చుతో బండిని ఈడ్చుట మరియు చెడ్డది. పగ్గమును సగము లాగిపట్టుకొని ఎద్దులను అదలించు రైతు మనలో లేడు గదా! ఎద్దు తల విదిలించి తన బాధ తెలుపును. ఇనుము తెలుపదు.

దుమ్ము సంగతి ఇంతకన్న ప్రమాదకరము. డీజిలు ఇంజనునకు నిప్పురవ్వ లేదు. గాలిని మిక్కిలి నొక్కగా పుట్టిన వేడికే చమురు మండును. 1897లో రుడాల్ఫ్ డీజిల్ అను జర్మను ఇంజనీరు నడిపి చూపిన పద్ధతి యిదియే. లీటరు చమురు మండుటకు తక్కువలో తక్కువ 10,000 లీటర్ల గాలి కావలయును. మన చేలలో ఆ గాలి రోటవేటరు లేపిన దుమ్ములోనుండియే వచ్చును. అందలి ఇసుకరేణువులు ఆకురాయివలె లైనరును, పిస్టను రింగులను అరుగదీయును. పిమ్మట ఇంజను నూనె త్రాగ మొదలిడును, నీలిపొగ వచ్చును. ఎయిర్‌క్లీనరు గిన్నెలో నూనె గీతవరకున్నదో లేదో దినము చూచుట రెండు నిమిషముల పని. కాగితపు ఫిల్టరు గల బండ్లలో దానిని టైరుకేసి కొట్టి దులుపుదురు. అట్లు కొట్టిన కాగితము చిరుగును. చిరిగిన ఫిల్టరున్నను లేనట్లే.

ఆదోని మార్కెట్టునకు ప్రత్తి తోలునపుడు మరియొక దురలవాటు కనబడును. చేలో పొట్టిమలుపులకై కుడి యెడమ బ్రేకులు వేరువేరుగా నుండును. రోడ్డెక్కగానే రెంటిని కొక్కెముతో కలుపవలెను. కలుపక ఒకదానినే తొక్కినచో ఆవైపు లైనింగు, టైరు ముందుగా అరుగుట అటుండగా, నిండు ట్రాలీతో బండి ప్రక్కకు లాగి బోల్తాపడును. పల్లములో న్యూట్రలు వేసి డీజిలు మిగిల్చితిమనుకొనువారు ఇంజను పట్టును వదలుకొని బరువంతయు బ్రేకులమీద వేయుచున్నారు. కార్లు, జీపులు గలవారికిని ఈ మాట వర్తించును.

డ్రైవరును నిందించుట సులభము. నాకు తోచినంతలో సగమునకు పైగా తప్పు యజమానిదే. ఎకరమునకింతయని కూలి నిర్ణయించి, ప్రొద్దుగూకులోపల ముగింపుమని గట్టుమీద నిలిచి కేకలు వేసిన, ఏ డ్రైవరు క్లచ్చు తలచును? దినకూలి యిచ్చి, మరమ్మతు లేక గడచిన పంటకాలమునకు కొంత బహుమానమిచ్చుట మేలు. ఇట్లు చేయుటవలన పని మందగించునని కొందఱందురు. కొంత మందగించును, కాదనను. నాలుగు దినములు నిలిచిపోవుటకన్న అది నయము.

ట్రాక్టరునకు అప్పిచ్చునపుడు సంఘము భూమి పత్రములను, జామీనుదారులను విచారించునుగాని, బండి నడుపువాడెక్కడ నేర్చెనో అడుగదు. అనంతపురము జిల్లా గార్లదిన్నెయందు కేంద్రప్రభుత్వమువారి వ్యవసాయయంత్ర శిక్షణ సంస్థ కలదు. అచ్చట రైతులకును శిక్షణ నిత్తురు. రాబోవు ఖరీఫునకు ముందే మన డ్రైవర్ల నిద్దఱిని సంఘము ఖర్చుమీద పంపవలెనని కోరుచున్నాను. వారి రాకపోకలకగు మొత్తము ఒక్క క్లచ్చుప్లేటు వెలకు మించదని నా అంచనా.