అడ్రస్ నోటికి రాకుండా కువైట్‌లో ఉండొద్దు

కాస్త పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

ఇళ్లల్లో పనికి కొత్తగా వచ్చినవాళ్లను "ఎక్కడుంటున్నావమ్మా" అని అడిగితే చాలామంది "సాల్మియాలో, మసీదు పక్కన" అంటారు. మన ఊళ్లో రామాలయం వెనక వీధి అంటే చిన్నపిల్లాడు కూడా తీసుకెళ్లి దింపుతాడు. ఇక్కడ ఏ పేటలో చూసినా మసీదే, ఏ మసీదని వెతకాలి?

ఇక్కడి అడ్రస్‌లో ఏరియా, బ్లాక్, స్ట్రీట్, ఇంటి నంబర్ ఉంటాయి. కొన్నిచోట్ల జాదా, అంటే సందు నంబర్ కూడా ఉంటుంది. ఏ ఒక్కటి వదిలేసినా దారి తప్పినట్టే. 5వ స్ట్రీట్ ఒక్కచోటే ఉండదు. ఏరియా మారితే మళ్లీ ఉంటుంది, బ్లాక్ మారినా ఉండొచ్చు.

దానికి తోడు అరబీ అంకెలు. వాళ్ల ఐదు మనకు సున్నాలా కనిపిస్తుంది. వాళ్ల సున్నా ఒక చుక్క. వాళ్ల ఆరు మన 7లా ఉంటుంది, ఏడేమో ఇంగ్లీషు వీ అక్షరంలా. అక్షరాలు కుడి నుంచి ఎడమకు చదివినా, అంకెలు మాత్రం మనలాగే ఎడమ నుంచే చదవాలి.

నిజానికి ఈ పద్ధతి చెడ్డదేం కాదు, తెలిస్తే చాలా సులువు. పైగా ప్రతి అడ్రస్‌కు పాసీ నంబర్ అని వేరే ఒకటి ఉంటుంది. బతాకా వెనక చూడండి. కువైట్ ఫైండర్ యాప్‌లో ఆ నంబర్ కొడితే ఇల్లు చూపిస్తుంది. తప్పల్లా మనవాళ్లను ఇక్కడికి పంపేవాళ్లది, పనిలో పెట్టుకునేవాళ్లది. వీసా డబ్బులు లెక్కపెట్టుకునే ఏజెంటు, అడ్రస్ రాసిన చీటీ ఒకటి చేతిలో పెట్టలేడా?

"లొకేషన్ పంపితే చాలు కదా" అంటారు కొందరు. బ్యాలెన్స్ అయిపోతే? ఫోన్ లాగేసుకుంటే? రాత్రిపూట ఒంట్లో బాగాలేక 112కి ఫోన్ చేస్తే ముందు అడిగేది అడ్రసే. అక్కడ మసీదు పక్కన అంటే అంబులెన్స్ ఎటు రావాలి?

అందుకే మేము అడిగేది ఒక్కటే. కొత్తగా ఎవరొచ్చినా మొదటి వారంలోనే అడ్రస్ నేర్పించండి. తెలుగులో రాసి ఇవ్వండి, రెండుమూడుసార్లు చెప్పించండి. ఊళ్లో అమ్మానాన్నలకో, భర్తకో కూడా పంపమనండి. మన మనిషి ఏ ఇంట్లో ఉందో ఇంట్లోవాళ్లకు తెలియకపోతే, రేపు ఏదైనా జరిగితే ఎక్కడని వెతుకుతాం?