యార్కుషైరు మఠాలు

పిల్లలూ, ఇంగ్లండుకు ఉత్తరాన యార్కుషైరు అనే పెద్ద కౌంటీ ఉంది. కౌంటీ అంటే మన జిల్లా లాటిదే. ఇప్పుడు పరిపాలన కోసం దాన్ని కొన్ని భాగాలు చేశారు గాని, జనం మాత్రం ఇంకా యార్కుషైరు అనే అంటారు. అక్కడి కొండలోయల్లో, ఏళ్ల ఒడ్డున, పైకప్పు లేని పెద్ద పెద్ద రాతి కట్టడాలు కనిపిస్తాయి. అవి కోటలు కావు. ఒకప్పుడు క్రైస్తవ సన్యాసులు ఉండిన మఠాలు. వాటిని ఎవరు కట్టారు? కట్టినవి ఎందుకు పాడుపడ్డాయి? ఈ నెల ఆ సంగతి చెప్పుకుందాం.

అన్నిటికన్న ముందు విట్బీ సంగతి. ఇది సముద్రపుటొడ్డున, ఎత్తయిన గట్టు మీద ఉంది. ఇక్కడ క్రీ. శ. 657లో హిల్డా అనే రాజవంశపు స్త్రీ ఒక మఠం స్థాపించింది. అందులో సన్యాసులూ, సన్యాసినులూ కూడా ఉండేవారు. అందరికీ పెద్ద హిల్డాయే. రాజులు సైతం ఆమె సలహా కోసం వచ్చేవారట.

ఆ రోజుల్లో ఈస్టరు పండగ ఎప్పుడు చెయ్యాలన్న దాని మీద రెండు లెక్కలుండేవి. ఆ దేశపు రాజు ఓస్వీది ఒక లెక్క, రాణిది మరొక లెక్క. అందుచేత ఒక్కొక్క యేడు రాజు పండగ చేసుకుని విందు ఆరగిస్తూ ఉంటే, రాణి ఇంకా ఉపవాసాలు చేస్తూ ఉండేది! ఈ చిక్కు తీర్చటానికి 664లో హిల్డా మఠంలోనే పెద్ద సభ జరిగింది. రెండు పక్షాల వాదనలూ విని, రాజు రోము వారి లెక్కే ఒప్పుకున్నాడు.

హిల్డాను గురించి ఒక కథ కూడా ఉంది. విట్బీ గట్టు మీద పాములు విపరీతంగా ఉండేవనీ, ఆమె వాటిని రాళ్లుగా మార్చేసిందనీ జనం చెప్పుకునేవారు. కావలిస్తే చూసుకోమని, పాము చుట్ట చుట్టుకున్నట్టుండే రాళ్లు చూపించేవారు. వాటికి తలలు లేవేమని అడుగుతారేమోనని, కొందరు వ్యాపారులు ఉలితో తలలు కూడా చెక్కి అమ్మారు! నిజానికి అవి పాములు కావు. సుమారు 18 కోట్ల సంవత్సరాల క్రితం సముద్రంలో బతికిన అమ్మొనైట్లు అనే జీవుల గుల్లలు. అవి బురదలో కూరుకుపోయి, కాలక్రమాన రాయిగా మారాయి. శాస్త్రజ్ఞులు వాటిలో ఒక జాతికి హిల్డా పేరు మీదనే హిల్డోసెరస్ అని పేరు పెట్టారు. మన ఇళ్లలో పూజచేసే సాలగ్రామాలు మీరు చూసే ఉంటారు. గండకీ నదిలో దొరికే ఆ రాళ్లలో చాలా వాటి లోపల చక్రాల లాగా కనిపించేవి కూడా అమ్మొనైట్లే. ఎక్కడి విట్బీ, ఎక్కడి గండకి!

తరవాత డేన్లు సముద్రం మీదుగా వచ్చిపడి విట్బీ మఠాన్ని పాడు చేశారు. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించాక అక్కడ మళ్లీ మఠం వెలిసింది. యార్కుషైరులో ఇంకా అనేక మఠాలు పుట్టాయి.

ఇప్పుడు అన్నిటిలోకీ పేరుపొందిన ఫౌంటెన్సు మఠం కథ వినండి.

యార్కు పట్టణంలో సెయింట్ మేరీ మఠం అని ఒకటుండేది. అది బాగా కలిగిన మఠం. తిండికీ బట్టకూ లోటు లేదు. ఆ సుఖం కొందరు సన్యాసులకు నచ్చలేదు. "పేదరికంలో ఉంటామని ప్రమాణం చేసి, ఇలా బతకటమేమిటి?" అని వారు బాధపడ్డారు. మఠంలో తగాదా పుట్టింది. చివరకు 1132లో 13 మంది సన్యాసులు ఆ మఠం విడిచి బయటికి వచ్చేశారు. ఆర్చిబిషప్ థర్‌స్టన్ వారిని ఆదరించి, ఆ డిసెంబరు నెలలో స్కెల్ అనే ఏటి ఒడ్డున కొంచెం నేల ఇచ్చాడు. అది ముళ్లపొదలూ బండలూ తప్ప మరేమీ లేని లోయ. అసలే చలికాలం, ఉండటానికి ఇల్లు లేదు. వారు చెట్ల కిందనే తలదాచుకున్నారు. అక్కడ నీటి ఊటలు ఉండేవి. అందుచేత ఆ చోటికి ఊటలు అనే అర్థం వచ్చేలాగా ఫౌంటెన్సు అని పేరు వచ్చింది.

కొద్దికాలానికే కరువు వచ్చింది. సన్యాసులు ఆకులు ఉడకబెట్టుకు తినవలసి వచ్చింది. ఆ రోజుల్లో జరిగినదంటూ ఆ మఠం వారి పాత చరిత్రలో ఒక సంగతి రాసి ఉంది. ఒకనాడు ఒక బాటసారి వచ్చి దేవుడి పేరిట రొట్టె అడిగాడు. మఠంలో మిగిలినవి రెండున్నర రొట్టెలే. పొలంలో పని చేస్తున్న వాళ్లకు అవే చాలవు. అయినా మఠాధిపతి రిచర్డ్, "అతనికి ఒకటి ఇవ్వండి. మన సంగతి దేవుడు చూసుకుంటాడు," అన్నాడట. బాటసారి అటు వెళ్లాడో లేదో, దగ్గిరలో ఉన్న నేర్స్‌బరో కోట నుంచి ఒక బండినిండా రొట్టెలు వచ్చాయి! ఆ కోట ప్రభువు వీరి అవస్థ విని పంపించాడు.

అయినా ఆ కష్టాలు పడలేక, దేశమే విడిచి పోదామని వారనుకుంటూ ఉండగా, 1135లో యార్కు చర్చి పెద్ద హ్యూ అనే ఆయన తన ధనమూ, పుస్తకాలూ తీసుకుని వచ్చి ఆ మఠంలో చేరాడు. దాంతో మఠం నిలదొక్కుకుంది.

ఫౌంటెన్సు వారు సిస్టెర్షియను అనే శాఖలో చేరారు. ఆ శాఖ 1098లో ఫ్రాన్సులో పుట్టింది. వారి నియమాలు చాలా కఠినమైనవి. రంగు వెయ్యని ఉన్నిబట్టలే కట్టాలి. అందుకే వారిని తెల్ల సన్యాసులనేవారు. రోగులకు తప్ప ఎవరికీ మాంసం లేదు. చాలా వేళల్లో మాట్లాడరాదు. ఏదన్నా కావలిస్తే చేతులతో సైగ చెయ్యాలి. అర్ధరాత్రి దాటాక లేచి ప్రార్థన చెయ్యాలి. ఎంత చలి అయినా, ఆరోగ్యంగా ఉన్నవాళ్లు కాచుకోవటానికి మఠంలో ఒక్క గదిలోనే మంట ఉండేది.

ప్రార్థనలతోనే రోజు గడిచిపోతే పొలం ఎవరు దున్నాలి? అందుకోసం చదువురాని పల్లెజనాన్ని "సోదరులు"గా చేర్చుకున్నారు. వారికి ప్రార్థన తక్కువ, పని ఎక్కువ. పొలాలూ, గొర్రెలమందలూ, మరమ్మతులూ అన్నీ వారి చేతిమీదనే నడిచేవి. వారు కింద భోజనం చేసి, పైన పడుకునే కట్టడం ఇప్పటికీ ఉంది. దాని పొడవు సుమారు 300 అడుగులు! అదే కాలంలో రీవో అనే మరో మఠంలో, ఏల్‌రెడ్ అధిపతిగా ఉన్నప్పుడు, సన్యాసులే 140 మంది ఉండేవారని ఆయన శిష్యుడు రాశాడు.

ఈ మఠాలకు ధనం తెచ్చిపెట్టినవి గొర్రెలు. యార్కుషైరు కొండల్లో పంట తక్కువ, గడ్డి ఎక్కువ. మఠాల ఉన్ని కోసం ఇటలీ నుంచి కూడా వర్తకులు వచ్చేవారు. రాబోయే సంవత్సరాల ఉన్నికి కూడా ముందుగానే డబ్బు ఇచ్చేవారు. మఠాలవారు ఆ డబ్బు పెట్టి పెద్ద పెద్ద చర్చీలు కట్టేవారు. కాని 13వ శతాబ్దం చివర గొర్రెలకు గజ్జి తెగులు తగిలింది. ఇవ్వవలసిన ఉన్ని లేదు. తీసుకున్న డబ్బు ఖర్చయిపోయింది. దాంతో మఠాలు అప్పుల్లో పడ్డాయి. 1348-49లో ఇంగ్లండంతటా మహామారి వచ్చి అసంఖ్యాకంగా జనం చనిపోయారు. ఆ పైన పని చేసే సోదరులు దాదాపు లేకుండాపోయారు. మఠాలు పొలాలను కౌలుకిచ్చుకుని బతకసాగాయి.

పేదరికాన్ని కోరి వచ్చినవారి మఠం ఇలా పెద్ద భూస్వామి అయింది. పొలాలు విస్తరించటం కోసం కొన్ని పల్లెలను ఖాళీ చేయించారు కూడా. రాతితో గంటల గోపురాలు కట్టరాదని తొలి రోజుల్లో నియమం ఉండేది. కాని 1500 ప్రాంతాల మఠాధిపతి హ్యూబీ, సుమారు 160 అడుగుల రాతి గోపురం కట్టించాడు!

అందరూ ఇలా మారలేదు. మౌంట్ గ్రేస్ అనే మఠం 1398లో పుట్టింది. అక్కడ ఒక్కొక్క సన్యాసికి ఒక చిన్న మేడ ఇల్లు, వెనక తోట. రోజులో చాలా భాగం ఒంటరిగానే గడపాలి. భోజనం పెట్టటానికి గోడలో వంకర తిరిగిన కంత ఉండేది. అది వంకరగా ఎందుకో తెలుసా? తెచ్చిన మనిషి మొహం కూడా లోపలివారికి కనపడకుండా!

ఇక చివరి ఘట్టం. రాజు 8వ హెన్రీ తన వివాహం రద్దు చెయ్యమంటే పోపు ఒప్పుకోలేదు. అప్పుడు రాజు పోపుతో తెగతెంపులు చేసుకుని, 1534లో ఇంగ్లండు చర్చికి తానే పెద్ద అయ్యాడు. తరవాత ఆయన కన్ను మఠాల ఆస్తి మీద పడింది. మఠాలలో సోమరితనమూ, దుర్నడతా పెరిగాయని రాజు మనుషులు చెప్పారు. ఏటా 200 పౌన్ల ఆదాయం లేని చిన్న మఠాలను 1536లో మూయించారు.

ఇది చూసి యార్కుషైరు జనం సహించలేదు. ఆ యేడు సుమారు 30 వేల మంది తిరగబడ్డారు. వారి నాయకుడు రాబర్ట్ ఆస్క్ అనే న్యాయవాది. ఉత్తరదేశంలో మఠాలు పేదలకు దానాలు చేస్తాయనీ, బాటసారులకు ఆశ్రయమిస్తాయనీ, అవి పోతే ఆ పని చేసేవారు ఉండరనీ ఆయన అన్నాడు. రాజు తరఫున వచ్చినవారు మంచిమాటలు చెప్పి జనాన్ని ఇళ్లకు పంపేశారు. కాని ఆ మాట నిలబెట్టలేదు. 1537లో ఆస్క్‌ను యార్కులో ఉరితీశారు.

1539 నవంబరు 26న ఫౌంటెన్సు కూడా రాజు వశమైంది. సన్యాసులకు పింఛన్లు ఇచ్చి పంపేశారు. పైకప్పుల మీది సీసాన్నీ, గంటలనూ కరిగించి పట్టుకుపోయారు. 1540లో లండను వర్తకుడు ఒకడు ఆ ఆస్తి కొన్నాడు. తరవాత ఆ రాళ్లలో కొన్నిటితో పక్కనే ఒక గొప్ప భవనం లేచింది. పైకప్పు పోయిన తరవాత వానా, మంచూ మిగిలిన పని చేశాయి.

పిల్లలూ, మఠాలవారు పల్లెలు ఖాళీ చేయించిన మాటా నిజమే, ఆకలిగొన్నవాడికి రొట్టె పెట్టిన మాటా నిజమే. రాజు తప్పులన్నీ లెక్క రాయించాడు. మఠాల డబ్బు మాత్రం పేదల కోసం ఉంచలేదు. మఠాల గుమ్మం దగ్గిర రొట్టె కోసం నిలబడేవాళ్లు తరవాత ఎక్కడికి పోయారో ఆయన లెక్కల్లో లేదు.

ఫౌంటెన్సు శిథిలాలను 1986లో ప్రపంచ వారసత్వ సంపదలో చేర్చారు. ఇప్పుడు వాటిని చూడటానికి దేశదేశాల నుంచి జనం వస్తారు. ఏరు మాత్రం అప్పటిలాగే, మఠం వారు కట్టిన రాతి తూముల గుండా, పాడుపడిన గదుల కింద నుంచి పారుతున్నది.